భర్త ఎక్కడున్నాడో తెలియకపోతే విడాకుల నోటీసు ఎలా? పేపర్ ప్రకటనకు ముందు జరగాల్సిన పని

ప్రశ్న: మాది తిరుపతి. 2016లో తిరుమల కొండమీద పెళ్ళయింది. ఒక పాప. ఆయన టూరిస్టు కారు డ్రైవరు. నాలుగేళ్ళ క్రితం చెన్నైలో మంచి పని దొరికిందని వెళ్ళి మళ్ళీ రాలేదు. రెండేళ్ళ క్రితం ఏదో కొత్త నంబరు నుంచి ఒకసారి ఫోన్ చేసి పాపతో మాట్లాడారు. ఇప్పుడు ఆ నంబరు పనిచేయడం లేదు. మా అత్తగారు పలమనేరు దగ్గర పల్లెలో ఉంటారు. అడిగితే "మాకూ తెలీదు" అంటారు. విడాకులకు వేద్దామంటే అడ్రసు లేదు. తెలిసిన లాయరొకాయన "పేపర్లో వేయిస్తే చాలు, ఆర్నెల్లలో అయిపోతుంది" అంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో ఏడేళ్ళు ఆగాల్సిందే అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు:

అమ్మా, ఏడేళ్ళు ఆగనక్కర్లేదు. అలాగని పేపర్లో నాలుగు లైన్లు వేయించి చేతులు దులుపుకుంటే సరిపోదు. నేను లాయరును కాను. చిత్తూరు, తిరుపతి కోర్టుల్లో నాజరు సెక్షన్లో, బెంచి దగ్గర గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. సమన్లు బయటికి పంపడం, అవి వెనక్కి వస్తే చూడడం, ఏ కాగితం జడ్జిగారి ముందు నిలబడిందో ఏది నిలబడలేదో గమనించడం, ఇదే నా ఉద్యోగం. ఆ వైపు నుంచి నాకు తెలిసింది చెబుతాను. పిటిషన్ రాయడం, వాదించడం మీ లాయరు చూసుకుంటారు.

ముందు ఆ ఏడేళ్ళ మాట. హిందూ వివాహ చట్టం, 1955లోని 13వ సెక్షన్లో అది ఉన్నమాట నిజమే. మనిషి బతికి ఉన్నాడన్న కబురు ఏడేళ్ళుగా లేకపోతే అది విడాకులకు ఒక కారణం. అయితే ఆ కబురు మీకు ఒక్కరికే లేకపోతే చాలదు. బతికుంటే సహజంగా ఎవరికి తెలుస్తుందో వాళ్ళకు కూడా తెలియకూడదు. మీ ఆయన రెండేళ్ళ క్రితం ఫోన్ చేశారు. కన్నతల్లికి మాత్రం పండగకో పబ్బానికో కబురు అందుతూనే ఉంటుందని నా అనుమానం. కాబట్టి ఆ కారణం మీకు పనికిరాదు, దాని అవసరమూ లేదు. అదే సెక్షన్లో విడిచిపెట్టి పోవడం అనే కారణం ఉంది, కోర్టులో డిసర్షన్ అంటారు. సరైన కారణం లేకుండా, మీ ఇష్టం లేకుండా, పిటిషన్ వేసే రోజుకు ముందు వరసగా రెండేళ్ళకు తగ్గకుండా వదిలేసి ఉండాలి. మీకు నాలుగేళ్ళయింది. మధ్యలో పాపతో ఒకసారి ఫోన్లో మాట్లాడినంత మాత్రాన కాపురానికి తిరిగొచ్చినట్టు కాదు. కానీ ఆ ఫోన్ సంగతి పిటిషన్లో దాచిపెట్టొద్దు. ఎందుకో కిందికి వచ్చేసరికి మీకే అర్థమవుతుంది.

పరస్పర అంగీకారంతో విడాకులంటే ఇద్దరూ కలిసి పిటిషన్ వెయ్యాలి. మనిషే కనిపించనప్పుడు ఆ దారి లేదు. ఊళ్ళో పెద్దమనుషులు బాండు పేపరు మీద రాయించే విడాకులు కోర్టు డిక్రీకి సమానం కావు, ఆ జోలికి పోకండి.

ఎక్కడ వెయ్యాలన్న విషయంలో మీకు ఇబ్బంది లేదు. 2003లో చట్టం మార్చాక భార్య తానున్న చోటే పిటిషన్ వేసుకోవచ్చు. పెళ్ళి జరిగిన చోటైనా వేయొచ్చు, మీకు రెండూ తిరుపతే. కొండమీద పెళ్ళి చేసుకుని చెన్నైలోనో బెంగళూరులోనో కాపురం పెట్టినవాళ్ళు కూడా ఈ కారణంగా తిరుపతిలో కేసు వేస్తుంటారు. పెళ్ళి ఫోటోలు, శుభలేఖ, రిజిస్ట్రేషన్ చేయించి ఉంటే ఆ సర్టిఫికెట్ ఇప్పుడే ఒక కవర్లో పెట్టుకోండి.

ఇక అసలు విషయం. "పేపర్లో వేయిస్తే చాలు" అన్న మాట వెనకాల ఉన్నది సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో (సివిల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) ఐదో ఆర్డరు, 20వ రూలు. ఇక్కడ ఆర్డరంటే అధ్యాయం లాంటిది. సమన్లు మామూలు పద్ధతిలో అందించడం కుదరదని, లేదా అవతలి మనిషి కావాలనే తప్పించుకు తిరుగుతున్నాడని కోర్టుకు నమ్మకం కలిగితే వేరే పద్ధతిలో అందించమని ఆర్డరు వేయొచ్చు. కోర్టు నోటీసు బోర్డుకూ, ఆ మనిషి చివరగా ఉన్న ఇంటికీ సమన్ల కాపీ అంటించడం ఒక పద్ధతి. దినపత్రికలో ప్రకటన ఇంకొకటి. అలా చేస్తే చేతికి ఇచ్చినట్టే లెక్క. అయితే ఈ రూలు మొదలయ్యేదే కోర్టుకు నమ్మకం కలగాలి అన్న షరతుతో. ఆ నమ్మకం ఊరికే కలగదు. మామూలు పద్ధతిలో ప్రయత్నించి, అది కుదరలేదని కాగితాల మీద కనబడాలి.

మామూలు పద్ధతి ఎలా నడుస్తుందో చెబుతాను. పిటిషన్‌కు నంబరు పడ్డాక మీరు బ్యాటా, అంటే సమన్లు పంపడానికయ్యే ఖర్చు, కోర్టుకు కట్టాలి. చాలా కేసులు ఇక్కడే నెలల తరబడి ఆగిపోతాయి. ఏ వాయిదాకు ఏం జరిగిందో రాసే డాకెట్ షీటులో వాయిదా వాయిదాకూ 'బ్యాటా కట్టలేదు' అని పడుతూనే ఉంటుంది. కేసు వేసినవాళ్ళకు ఆ సంగతే తెలియదు, కోర్టే ఆలస్యం చేస్తోందనుకుంటారు. బ్యాటా కట్టాక సమన్లు రెండు దారుల్లో వెళ్తాయి. ఒకటి పోస్టు. ఇదివరకు రిజిస్టర్డ్ పోస్టు అనేవాళ్ళం, 2025లో తపాలా శాఖ దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేసింది. రెండోది ప్రాసెస్ సర్వర్, అంటే సమన్లు ఇంటికెళ్ళి అందించే కోర్టు ఉద్యోగి ద్వారా. ఆయన ఆ అడ్రసుకు వెళ్ళి, మనిషి లేకపోతే సమన్ల వెనకాల ఏం జరిగిందో ఎండార్స్‌మెంట్ రాసి తిప్పి పంపుతాడు. మంచి ఎండార్స్‌మెంట్ ఎలా ఉంటుందంటే: "పై చిరునామాకు వెళ్ళి విచారించగా సదరు ప్రతివాది సుమారు 4 సంవత్సరముల క్రితమే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినాడని, ప్రస్తుత చిరునామా తమకు తెలియదని ఇంటి యజమాని తెలియజేసినందున సమన్లు బట్వాడా కాకుండా వాపసు చేయడమైనది." కింద ఆ యజమాని పేరు, సంతకం. ఇలాంటి కాగితం మీ ఫైల్లో ఉంటే సగం పని అయినట్టే. "ఇంటికి తాళం" అని రెండు ముక్కలు గీకి పంపినది మాత్రం దేనికీ పనికిరాదు. తాళం వేసుంది, మనిషి సాయంత్రం వస్తాడేమో? జడ్జిగారు మళ్ళీ సమన్లు పంపమంటారు. అంచేత ప్రాసెస్ సర్వర్ వెళ్ళే రోజున మీ తరఫు మనిషి ఒకరు దగ్గరుండి ఇల్లు చూపిస్తే మంచిది. ఇల్లు ఎవరు గుర్తించి చూపించారన్నది కూడా ఆ కాగితంలోకి ఎక్కుతుంది. పోస్టు కవరు మీదా అంతే. "అడ్రసీ లెఫ్ట్" అని వస్తే ఒక అర్థం, "డోర్ లాక్డ్" అని వస్తే ఇంకో అర్థం, "రిఫ్యూజ్డ్" అని వస్తే అందినట్టే లెక్క వేసే అవకాశం ఉంది. తిరిగొచ్చిన కవర్లు చింపకుండా అలాగే ఉంచండి.

సమన్లు అందకుండా తిరిగొచ్చాక ఏడు రోజుల్లో మళ్ళీ సమన్లకు దరఖాస్తు పెట్టుకోకపోతే కేసు కొట్టేయవచ్చని అదే కోడ్‌లో తొమ్మిదో ఆర్డరు, 5వ రూలు చెబుతుంది. దానికి మినహాయింపు కూడా అక్కడే ఉంది: శక్తివంచన లేకుండా ప్రయత్నించినా ప్రతివాది నివాసం కనుక్కోలేకపోయానని కోర్టును ఒప్పించగలిగితే గడువు పొడిగిస్తారు. చట్టం మీ దగ్గర కోరేది ఇదే. అడ్రసు తెలియదని ఊరికే అంటే కుదరదు, తెలుసుకోడానికి ఏమేం చేశారో చెప్పాలి.

మీ అత్తగారి ఇంటి గురించి కొంచెం నిదానంగా చదవండి, చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. "తల్లి ఉంది కదా, ఆమె చేత సంతకం పెట్టిస్తే సరి" అంటారు. ఇంట్లోవాళ్ళకు సమన్లు ఇవ్వొచ్చన్న రూలు ఉన్నమాట నిజమే. కానీ అది ఆ మనిషితో కలిసి కాపురముంటున్న పెద్దవాళ్ళకు వర్తిస్తుంది. ఆయన నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో లేడని మీ పిటిషన్లో మీరే రాసి, అదే ఇంట్లో తల్లికి ఇచ్చాం కాబట్టి అందినట్టే అంటే రెండు మాటలూ కలవవు. తలుపుకు అంటించడం కూడా అంతే. మామూలు పద్ధతిలో అంటించాలంటే అది ఆయన నివాసం ఉంటున్న ఇల్లో, పని చేసుకునే చోటో అయివుండాలి. కోర్టు 20వ రూలు కింద ఆర్డరు వేశాకనైతే, చివరగా ఉన్న ఇంటికి అంటించవచ్చు. అంటించే తలుపు ఒకటే, అయినా ఆర్డరు లేకుండా అంటిస్తే చెల్లదు, ఆర్డరు తర్వాత అంటిస్తే చెల్లుతుంది.

అయినా అత్తగారి అడ్రసు పిటిషన్లో తప్పకుండా ఇవ్వండి. సమన్లు అక్కడికీ పంపించండి. ఆమె తీసుకుంటే తీసుకుంటారు, తిప్పి పంపితే పంపుతారు. కొడుకుతో మాటలుంటే ఆ కబురు ఆ రాత్రికే ఆయనకు చేరుతుంది. మీకు కావలసింది కూడా అదే కదా. మా ప్రాసెస్ సర్వర్లు ఇంకో మాట చెప్పేవాళ్ళు: ఏడాది పొడుగునా దొరకని మనిషి గంగమ్మ జాతరకు ఇంట్లో ఉంటాడని. వాయిదా దగ్గర్లో ఊళ్ళో జాతరగానీ, దగ్గరివాళ్ళ పెళ్ళిగానీ ఉంటే ఆ సంగతి లాయరుకు చెప్పి సమన్లు ఆ తేదీలకు అందేలా చూసుకోవచ్చు. చేతికే అందిస్తే అంతకు మించింది లేదు.

ఇప్పుడు వెతకడం గురించి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, మీ కేసుకు పునాది ఇదే. తిరుపతిలో మీరు కలిసి ఉన్న అద్దె ఇంటి యజమానిని అడగండి. ఆయన కారు నడిపిన ట్రావెల్స్ వాళ్ళను అడగండి. చెన్నైలో ఫలానా చోట పని అని వెళ్ళేటప్పుడు చెప్పి ఉంటే ఆ పేరు ఎంత అస్పష్టంగా ఉన్నా రాయండి. స్టాండులో తోటి డ్రైవర్లకు చాలా తెలుస్తుంది. డ్రైవరు వృత్తిలో ఉన్నవాళ్ళు లైసెన్సు రెన్యువల్ చేయించుకోక తప్పదు, అప్పుడిచ్చిన అడ్రసు రవాణా శాఖ దగ్గర ఉంటుంది, కావాలంటే కోర్టు ద్వారా అడిగించవచ్చు. ఓటర్ల జాబితా ఆన్‌లైన్లో దొరుకుతుంది, పలమనేరు వైపు ఆ పల్లె జాబితాలో పేరు ఉందా, తీసేశారా చూడండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఖాతా ఉందేమో వెతికి, దొరికితే స్క్రీన్‌షాట్ తీసిపెట్టండి. ఆధార్ నంబరు ఉంది కాబట్టి అడ్రసు ఇట్టే దొరుకుతుందనుకుంటారు చాలామంది. దొరకదు. ఆధార్ వివరాలు బయటపెట్టమని ఆర్డరు వెయ్యాలంటే హైకోర్టు జడ్జి స్థాయికి తగ్గనివాళ్ళే వెయ్యాలి. దానికోసం ఎవరికీ డబ్బులివ్వకండి.

ఆయన వెళ్ళిన కొత్తలో మీరుగానీ మీ నాన్నగారుగానీ పోలీస్ స్టేషన్లో మనిషి కనిపించడం లేదని కంప్లయింట్ ఇచ్చారా? ఇచ్చి ఉంటే ఆ ఎఫ్ఐఆర్ కాపీ బంగారం లాంటిది. ఇవ్వకపోతే ఇప్పుడు కేసు కోసమని హడావుడిగా అబద్ధం కలిపి ఇవ్వొద్దు. ఉన్నది ఉన్నట్టు, ఎప్పుడు వెళ్ళారో, చివరగా ఎప్పుడు మాట్లాడారో చెప్పి ఇవ్వడంలో తప్పు లేదు.

ఇవన్నీ అయ్యాక మీ లాయరు ఒక ఐఏ (కేసు నడుస్తుండగా మధ్యలో వేసే దరఖాస్తు) వేస్తారు, పేపర్ పబ్లికేషన్‌కు అనుమతి కోరుతూ. దానికి జతపరిచే అఫిడవిట్‌లో పై విషయాలన్నీ ఉండాలి. టైపిస్టు దగ్గర తయారుగా ఉండే అఫిడవిట్‌లో "ప్రతివాది ఉద్దేశపూర్వకంగా సమన్లు తప్పించుకుంటున్నాడు" అని ఒక్క వాక్యం ఉంటుంది, పేర్లు మార్చి అందరికీ అదే. అది వద్దు. ఎవరిని కలిశారు, ఏం చెప్పారు, ఏ నంబరుకు చేశారు, ఏ కవరు ఎలా తిరిగొచ్చింది, ఇవి రాయించండి. రెండేళ్ళ క్రితం వచ్చిన ఫోన్ కూడా రాయాలి, ఆ నంబరుతో సహా. వాట్సాప్ నంబరు ఏదైనా ఉంటే సమన్ల కాపీ దానికి కూడా పంపడానికి అనుమతి అడగమనండి. కోర్టు సరేనంటే అది పేపర్ ప్రకటనకు అదనం, దాని బదులు కాదు. పంపిన ఫోను, ఆ మెసేజీ చెరిపేయొద్దు, సాక్ష్యంగా పెట్టాలంటే ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాల్సి వస్తుంది.

ఏ పేపరు అన్నది చిన్న విషయంలా కనబడుతుంది, కాదు. ఆ మనిషి చివరగా నిజంగా నివాసం ఉన్న, లేదా పని చేసుకున్న ప్రాంతంలో జనం చదివే దినపత్రికలో వేయాలని రూలు. తిరుపతిలో మీతో ఉన్నాడు కాబట్టి ఇక్కడ చదివే తెలుగు పత్రిక సరే. కానీ 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి, తిరుపతి వేరు, పలమనేరు ఉన్న చిత్తూరు వేరు. ఇక్కడి జిల్లా పేజీలో పడ్డ ప్రకటన అక్కడ పడకపోవచ్చు. రెండు జిల్లాలకూ వచ్చేలా వేయించండి. చెన్నైలో ఫలానా ఏరియాలో ఉన్నాడన్న ఆధారం కాస్తయినా ఉంటే కోర్టు అక్కడి తమిళ పత్రికలో కూడా వేయమనవచ్చు. అనకపోయినా మీరే అడిగితే ఇంకా మంచిది. ఖర్చు పెరుగుతుంది, నిజమే. అయినా ఆయన చెన్నైలో ఉన్నాడని పిటిషన్లో రాసి తిరుపతి పేపర్లో మాత్రమే వేస్తే రేపు అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. చెన్నై అడ్రసు దొరికితే మాత్రం చేతికి అందించే సమన్లు అక్కడి కోర్టు ద్వారా వెళ్ళాలి, భాష వేరు కాబట్టి ఇంగ్లీషు అనువాదం జతపడాలి. నెలలు పడుతుంది.

ప్రకటన చూసే ఉంటారు, పేపర్లో లోపలి పేజీల్లో చిన్న డబ్బాలో ఉంటుంది. కోర్టు పేరు, కేసు నంబరు, ఇద్దరి పేర్లు, ఆయన తండ్రి పేరు, చివరి అడ్రసు, ఆ తర్వాత: "పై కేసులో మీపై విడాకులు కోరుతూ పిటిషన్ దాఖలైనది. ఫలానా తేదీ ఉదయం 10.30 గంటలకు మీరు స్వయంగా గానీ మీ న్యాయవాది ద్వారా గానీ హాజరు కావలెను. లేనియెడల మీ పరోక్షమున కేసు పరిష్కరించబడును." ఇంటిపేరులో ఒక్క అక్షరం తప్పుపడినా, వాయిదా తేదీ తప్పుపడినా మళ్ళీ మొదటికి వస్తుంది. పేపర్‌కు ఇచ్చే ముందు డ్రాఫ్టు మీరే ఒకసారి చదవండి. వచ్చాక కత్తిరించిన ముక్క కాకుండా పత్రిక పేరు, తేదీ కనబడేలా పేజీ మొత్తం, బిల్లుతో సహా మెమో వేసి ఫైలు చేయించాలి.

ఆ తేదీన బంట్రోతు మూడు సార్లు పేరు పిలుస్తాడు. రాకపోతే 'ఎక్స్‌పార్టీ' అని రాస్తారు, అంటే ఇక ఆయన లేకుండానే కేసు నడుస్తుందని. చాలామంది ఆ రోజే విడాకులు వచ్చేశాయనుకుని స్వీట్లు పంచేస్తారు. రాలేదు. అవతలివాడు వచ్చినా రాకపోయినా, మీ కారణం నిజమని కోర్టుకు తృప్తి కలగాలని హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. మీరు చీఫ్ అఫిడవిట్ (మీ సాక్ష్యం ప్రమాణం మీద రాసిచ్చే కాగితం) వేసి సాక్ష్యం చెప్పాలి. మీ నాన్నగారో, పాత ఇంటి యజమానో రెండో సాక్షిగా వస్తే బలం. పాప సంరక్షణ, భరణం అడగాలనుకుంటే ఇదే పిటిషన్లో అడిగేయండి. మనిషి దొరికేదాకా భరణం వసూలు కాదు, కానీ ఆర్డరంటూ ఉంటే దొరికిన రోజున ఉపయోగపడుతుంది. ఇక ఆర్నెల్లంటారా? ఆరు నెలల్లో విచారణ ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది, అయితే ఆ లెక్క నోటీసు అందిన రోజు నుంచి మొదలవుతుంది. మీ కేసులో నోటీసుకే ఎక్కువ కాలం పడుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటారా, ఇదిగో. పేపర్ ప్రకటనతో వచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని అవతలివాళ్ళు దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికి 30 రోజుల గడువు. అయితే గడువులు చెప్పే లిమిటేషన్ చట్టంలో 123వ ఆర్టికల్ కింద ఒక వివరణ ఉంది: ఈ గడువు లెక్క వరకు 20వ రూలు కింద చేసిన బట్వాడాను సరైన బట్వాడాగా భావించరాదు. అంటే 30 రోజులు డిక్రీ తేదీ నుంచి కాదు, డిక్రీ సంగతి ఆయనకు తెలిసిన రోజు నుంచి లెక్క. మూడేళ్ళ తర్వాత వచ్చి "నాకు నిన్ననే తెలిసింది" అనవచ్చు. అన్నంత మాత్రాన డిక్రీ పోదు, రాలేకపోవడానికి తగిన కారణం ఆయన చూపించాలి. ఆ రోజు కోర్టు తెరిచి చూసేది మీ అఫిడవిట్‌నే, తిరిగొచ్చిన కవర్లనే.

సుప్రీంకోర్టు రెండు వైపులా తీర్పులిచ్చింది. 1996లో యల్లవ్వ, శాంతవ్వల కేసులో, మామూలు ప్రయత్నాలు సరిగ్గా చేయకుండా ప్రత్యామ్నాయ బట్వాడాకు, అదే 20వ రూలు పద్ధతికి, పోయి తెచ్చుకున్న విడాకుల డిక్రీ, ఆ భర్త చనిపోయిన తర్వాత కూడా నిలబడలేదు. ఆ పద్ధతి చివరి మార్గంగా మాత్రమే వాడాలన్నారు. 2011లో పరిమళ్, వీణల కేసులో భర్త సమన్లు పంపించాడు, పోస్టులో పంపించాడు, ఆపైన పేపర్లో వేయించాడు. డిక్రీ వచ్చిన నాలుగేళ్ళకు భార్య వచ్చి రద్దు చేయమన్నా, తగిన కారణం చూపలేదని డిక్రీని నిలబెట్టారు. ఆ రెండు కేసులకూ తేడా పేపర్ ప్రకటనలో లేదు, దానికి ముందు జరిగినదాంట్లో ఉంది.

మన దగ్గర నేను చూసిన ఒక కేసు చెబుతాను, పేర్లు వద్దు. ఒకాయన భార్య అడ్రసుగా తిరుపతిలో వాళ్ళు ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె ఇల్లు ఇచ్చాడు. సమన్లు తిరిగొచ్చాయి, పేపర్లో వేశారు, డిక్రీ వచ్చింది, ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. తర్వాత ఆమె వచ్చింది. ఆమె చిత్తూరులో పుట్టింట్లోనే ఉంది. ఆయన బిడ్డ స్కూలు ఫీజు అదే ఊళ్ళో కట్టిన రసీదులు కోర్టులో పెట్టింది. ఫీజు కట్టే మనిషికి భార్య ఏ ఊళ్ళో ఉందో తెలియదా అన్నారు జడ్జిగారు. డిక్రీ పోయింది, రెండో పెళ్ళి చిక్కుల్లో పడింది, ప్రమాణం చేసి అబద్ధం చెప్పినందుకు ఇంకో తలనొప్పి. మీకు వచ్చిన ఆ ఫోన్ సంగతి దాచొద్దని చెప్పింది ఇందుకే.

డిక్రీ చేతికొచ్చాక ఒక పని చేయండి, ఇది ఎక్కువమంది చెయ్యరు. సర్టిఫైడ్ కాపీ తీసుకుని దాని జిరాక్సు స్పీడ్ పోస్టులో అత్తగారి అడ్రసుకు, పాత అడ్రసుకు, వాట్సాప్ నంబరు ఉంటే దానికి పంపండి. రసీదులు దాచండి. ఆయనకు ఎప్పుడు తెలిసిందన్న ప్రశ్న రేపు వస్తే చూపించడానికి మీ దగ్గర ఒక తేదీ ఉంటుంది. మళ్ళీ పెళ్ళి ఆలోచన ఉంటే అప్పీలు గడువు దాటేదాకా ఆగాలి. హిందూ వివాహ చట్టంలో అది 90 రోజులు, ఫ్యామిలీ కోర్టుల చట్టంలో 30 రోజులని ఉంది. ఎందుకొచ్చిన గొడవ, 90 రోజుల లెక్కే పెట్టుకోండి. ఆపైన ఇంకొన్నాళ్ళు ఆగితే నష్టం లేదు.

ఇది చదివే ముస్లిం ఆడపడుచులకు ఒక మాట. మీకు వర్తించేది 1939 నాటి చట్టం. భర్త ఆచూకీ నాలుగేళ్ళుగా తెలియకపోవడమే అందులో ఒక కారణం. అయితే భర్త వారసులయ్యేవాళ్ళ పేర్లు, అడ్రసులు పిటిషన్లో ఇచ్చి వాళ్ళకు నోటీసు పంపాలి, భర్త చిన్నాన్న, పెదనాన్న, అన్నదమ్ములు ఉంటే వాళ్ళనూ పార్టీలుగా చేర్చాలి. డిక్రీ వచ్చినా ఆరు నెలల దాకా అమల్లోకి రాదు, ఆలోగా ఆయన వచ్చి కాపురం చేస్తానని కోర్టును ఒప్పిస్తే డిక్రీ పక్కన పెడతారు. మన వైపు నుంచి కువైట్ వెళ్ళి కబురు లేకుండా పోయినవాళ్ళు ఉన్నారు, ఆ అడ్రసు తెలిస్తే పేపర్ ప్రకటన కుదరదు, కేంద్ర న్యాయశాఖ ద్వారా సమన్లు పంపాలి, అది వేరే కథ.

డబ్బుల గురించి మీరు అడగలేదు గానీ, ఒక పాపను పెట్టుకుని ఒంటరిగా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టంలో ఉంది. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార కమిటీ ఆఫీసు ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. తెల్లకాగితం మీద అర్జీ, ఆధార్ కాపీ, పెళ్ళి ఫోటో తీసుకెళ్ళండి. లాయరును వాళ్ళే కేటాయిస్తారు. పేపర్ ప్రకటన ఖర్చు భరించలేనని అక్కడే ముందుగా చెప్పండి, తక్కువ రేటు పత్రికకు అనుమతి అడగడమో, ఆ ఖర్చుకు కమిటీ నుంచి సాయం అడగడమో ఆ లాయరు చూస్తారు. మీకు తెలిసిన ఆ లాయరుతోనే వెళ్తానంటే మాత్రం కేసు సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) అడిగి రాసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే వాయిదా వాయిదాకు ఏం జరిగిందో కనిపిస్తుంది. బ్యాటా కట్టారా లేదా అన్నది ఆయన్ను అడక్కుండానే తెలుసుకోవచ్చు.